కొండచిలువ పెంపకం – బాధ్యత: ఉమ్మడి నల్లగొండ నేపథ్యంలో ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

తెలుగువారికి పాముతో ఉన్న సంబంధంపై వచ్చిన అధ్యయనాలలో అధికభాగం నాగారాధన చుట్టూ తిరిగాయి. విషం లేని మహాసర్పమైన కొండచిలువకు, దానిని పట్టి పెంచిన మనుషులకు ఆ చర్చలో తగిన చోటు దక్కలేదు. పాములవృత్తివారి వెదురుబుట్ట మొదలుకొని నేటి నగరగృహాల్లోని గాజుపెట్టె వరకు పెద్ద పాముల పెంపకం ఎలా మారిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. తెలుగు పేర్లలో నిక్షిప్తమైన ప్రకృతిజ్ఞానం, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, నాగార్జునసాగర్ ఎడమకాలువ ఆయకట్టులో మారిన నేల, ఫ్లోరిడా అనుభవం అనే నాలుగు ఆధారాలతో 'బాధ్యతాయుతమైన పెంపకం' అన్న మాటకు అర్థాన్ని నిర్ధారించే ప్రయత్నం చేస్తుంది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాలు ఈ పరిశీలనకు క్షేత్రం.

కీలకపదాలు: కొండచిలువ, పొడ, అజగరం, పాములవృత్తి, వన్యప్రాణి చట్టం, ఆయకట్టు, విదేశీ సర్పాలు, పెంపకందారు బాధ్యత.

1. ఉపోద్ఘాతం

'పాముకు పాలుపోసి పెంచినట్టు' అనేది తెలుగులో కృతఘ్నతను చెప్పే నుడికారం. పామును పెంచడం అవివేకమని, పెంచినవాడికే అది ముప్పు తెస్తుందని దీని భావం. నుడికారం ఇలా హెచ్చరిస్తున్నా, పామును పెంచి దానిపై బతికిన కుటుంబాలు తెలుగునేలపై తరతరాలుగా ఉన్నాయి. వారిని పిలిచి, ఆడించమని అడిగి, చూసి, బియ్యమో డబ్బో ఇచ్చిన గ్రామాలూ ఉన్నాయి. నేడు ఆ వృత్తి చట్టవిరుద్ధమై దాదాపు అంతరించింది. అదే కాలంలో విదేశాలనుంచి తెచ్చిన కొండచిలువలను, అనకొండలను ఇంట్లో పెంచుకోవాలనే అభిరుచి నగరాలలో కనిపిస్తోంది. ఒకటి బతుకుతెరువు, మరొకటి వేడుక. పాము స్థితిని బట్టి చూస్తే రెండింటికీ వర్తించే ప్రశ్న ఒకటే: ఈ ప్రాణి బాధ్యత ఎవరిది, ఎంతకాలం?

ఈ ప్రశ్నను చట్టం దృష్టితో మాత్రమే చూస్తే సమాధానం అసంపూర్ణంగా ఉంటుంది. భాష, సాహిత్యం, వృత్తి, వ్యవసాయం కలిసిన చరిత్రలో దీనిని నిలిపి చూడాలి. ఈ వ్యాసంలో 'కొండచిలువ' అన్నప్పుడు ప్రధానంగా భారతీయ కొండచిలువ ఉద్దిష్టం. సాధారణంగా 3 మీటర్ల వరకు పెరిగే ఈ పాముకు విషకోరలు లేవు. ఎరను చుట్టుకొని బిగించి చంపి మింగుతుంది. బర్మా కొండచిలువ, జాలరి కొండచిలువ, అనకొండ వంటి విదేశీ జాతులను విడిగా పేర్కొనడం జరిగింది.

2. పేర్లలోని జ్ఞానం: చిలువ, పొడ, అజగరం

'చిలువ' అంటే పాము. ప్రాచీనకావ్యభాషలో శివుని, ఆదిశేషుని సూచించే సమాసాలలో ఈ దేశ్యపదం కనిపిస్తుంది. వ్యవహారంలో ఒంటరిగా నిలవక 'కొండచిలువ' అనే సమాసంలో మాత్రమే మిగిలింది. కొండకు చెందిన పాము, కొండంత పాము అనే రెండు అర్థాలకూ ఇందులో అవకాశం ఉంది. నివాసాన్ని, పరిమాణాన్ని ఒకే మాటలో పట్టుకొన్న పేరు ఇది.

సంస్కృతపదమైన 'అజగరం' మేకను మింగేది అనే అర్థాన్నిస్తుంది. మహాభారత ఆరణ్యపర్వంలో అగస్త్యుని శాపంతో నహుషుడు అజగరమై భీముని చుట్టి బంధిస్తాడు. భీముని విడిపించింది ఆయుధం కాదు, ధర్మరాజు చెప్పిన సమాధానాలు. భాగవత దశమస్కంధంలో అఘాసురుడు అజగరరూపంలో నోరు తెరిచి గోపబాలురను మింగుతాడు. అదే భాగవత సప్తమస్కంధంలో ప్రహ్లాదునికి ఎదురైన ముని అజగరవ్రతం పాటిస్తూ, దొరికినదానితో తృప్తిపడి, దొరకనప్పుడు కదలకుండా పడి ఉంటాడు. ఈ మూడు సందర్భాలూ వేర్వేరు కథాప్రయోజనాలు కలవి. అయినా ప్రకృతిపరిశీలన మూడింటిలోనూ ఉంది: చుట్టి బంధించడం, పెద్ద ఎరను నిలువునా మింగడం, దీర్ఘకాలం నిరాహారంగా ఉండగలగడం. మూడవ లక్షణం పెంపకం చర్చలో మళ్ళీ ఎదురవుతుంది. ఆకలిని బయటకు చూపని ప్రాణిని నిర్లక్ష్యం చేయడం తేలిక.

తెలుగుపేర్లు శాస్త్రచరిత్రలోకి ప్రవేశించిన ఘట్టం 18వ శతాబ్దం చివరిది. స్కాట్లండుకు చెందిన వైద్యుడు పాట్రిక్ రస్సెల్ విశాఖపట్నంలో నివసిస్తూ, 1785లో ఈస్టిండియా కంపెనీ ప్రకృతిశాస్త్రజ్ఞునిగా నియుక్తుడయ్యాడు. కోరమాండల్ తీరపు పాములపై అతని బృహద్గ్రంథం 1796లో లండన్‌లో వెలువడింది. అందులో చాలా పాములకు అతడు స్థానికులు చెప్పిన తెలుగుపేర్లనే శీర్షికలుగా ఉంచాడు. అతని పేరుతోనే నేడు ప్రపంచం పిలుస్తున్న రక్తపింజరకు అతడు రాసుకొన్న పేరు 'కాటుకరేకుల పొడ'. కొండచిలువకు రాసుకొన్న పేరు 'పెద్దపొడ'. అతడు 'బంగారు పాము'గా నమోదు చేసిన పేరు నుంచే కట్లపాముల ప్రజాతికి 1803లో ఫ్రెంచి శాస్త్రవేత్త దొదాఁ 'బంగారస్' అనే శాస్త్రీయనామం ఏర్పరచాడు. ఆ పేర్లను చెప్పినవారి పేర్లు మాత్రం గ్రంథానికెక్కలేదు.

ఇక్కడ భాషాపరంగా గమనించదగిన అంశం ఒకటి ఉంది. 'పొడ' అంటే చర్మంపై మచ్చ. ప్రాణాంతకమైన రక్తపింజర, విషరహితమైన కొండచిలువ రెండూ 'పొడ'లే. మచ్చలను బట్టి ఒక వర్గంగా చూసి, విశేషణంతో వేరుచేసిన నామకరణపద్ధతి ఇది. రక్తపింజర మచ్చలు కాటుక అంచు దిద్దిన రేకుల్లా, వరుసలుగా ఉంటాయి. కొండచిలువ మచ్చలు పెద్దవి, అంచులు క్రమం తప్పినవి. అంటే ఆ రెండు విశేషణాలు అలంకారాలు కావు, గుర్తింపు లక్షణాలు. ఈ భేదం తెలియకపోవడం నేడు పొలంలో ప్రాణాలమీదికి తెస్తోందని ఐదవ విభాగంలో చూస్తాం.

'అనకొండ' అనే మాట ప్రయాణం దీనికి భిన్నమైనది. దక్షిణ అమెరికా పాముకు నేడు స్థిరపడిన ఈ పేరు మొదట సింహళదేశపు పెద్ద పామును ఉద్దేశించినది. 1693లో ఆంగ్ల ప్రకృతిశాస్త్రజ్ఞుడు జాన్ రే దీనిని సింహళ సర్పం పేరుగా పేర్కొన్నాడు. మన ప్రాంతపు పేరు సముద్రాలు దాటి, మరొక పాముకు అంటుకొని, సినిమాల ద్వారా తిరిగివచ్చింది. ఊరి చెరువులో కనబడిన కొండచిలువను 'అనకొండ' అని పిలవడం ఇప్పుడు సాధారణమైంది. పేరుతోపాటు మనుషులను మింగే రాకాసి అనే భయం కూడా ఆ పాముకు అంటుకొంది.

3. బుట్టలోని పాము: వృత్తిగా పెంపకం

తెలుగు ప్రాంతాలలో పాములాట జోగులు మొదలైన సంచారవృత్తివారి జీవనాధారాలలో ఒకటి. థర్స్టన్ 1909లో ప్రచురించిన ఏడు సంపుటాల దక్షిణభారత కులాలు–తెగల గ్రంథంలో తెలుగు జోగులను గురించిన భాగం ఉంది. అందులో ఉదహరించిన ఒక అధికారి మాటల్లో వారు పాములను ఆడించడంలో నిపుణులు. ఆ వాక్యాల పక్కనే వారి అలవాట్లపై, శుచిపై తీవ్రమైన తృణీకారమూ ఉంది. వలసకాలపు జాతివర్ణనలలో నైపుణ్యానికి గుర్తింపు, మనిషిపై అవమానం ఒకే పేరాలో నిలవడం తరచుగా కనిపించేదే. ఈ ఆధారాలను ఉపయోగించే పరిశోధకులు రెండింటినీ వేరుచేసి చదవవలసి ఉంటుంది.

వృత్తిపరంగా ప్రధానమైన పాము నాగు. పడగ విప్పి నిలబడడం, నాగస్వరం ఊదేవాని కదలికను అనుసరించి ఊగడం దానివల్లనే సాధ్యం. కొండచిలువ ప్రదర్శనలో రెండవ అంకం. పడగలేదు, ఆటలేదు. దాని బరువు, పొడవు, మెడలో వేసుకొన్నప్పుడు చూసేవారికి కలిగే గగుర్పాటే ప్రదర్శన. నాగుకు పుట్ట ఉంది, పండుగ ఉంది. తెలంగాణలో శ్రావణంలో నాగులపంచమి, కోస్తాలో కార్తికంలో నాగులచవితి జరుపుతారు. సూర్యాపేట ప్రాంతంలో కాకతీయుల కాలపు ఆలయాలకు ప్రసిద్ధమైన నాగులపాడు గ్రామనామంలో కూడా నాగు నిలిచి ఉంది. ఈ ఆరాధనావ్యవస్థలో కొండచిలువకు స్థానం లేదు. పూజ ఇచ్చే రక్షణ దానికి దక్కలేదు. విషం లేదన్న ఎరుక ఇవ్వవలసిన రక్షణ కూడా పూర్తిగా దక్కలేదు.

వృత్తి పెంపకాన్ని ఆదర్శీకరించడం సరికాదు. బుట్టలోని నాగుకు కోరలు పీకేవారు. పండుగకు ముందు నీరు పెట్టకుండా ఎండగట్టడం, నోరు కుట్టడం కూడా జరిగేది. భక్తులు పోసిన పాలను దాహంతో ఉన్న పాము తాగేది. పాలు పాముకు ఆహారం కావు, దాని జీర్ణవ్యవస్థకు అవి తగవు. నాలుగు అడుగులకు మించని బుట్టలో మూడు మీటర్ల కొండచిలువ రోజులతరబడి చుట్టుకొని ఉండడం దాని దేహధర్మానికి విరుద్ధం. అయితే ఆ కుటుంబాలకు తెలిసిన విషయాలు తేలికైనవి కావు. ఏ బొరియలో ఏ పాము ఉంటుంది, కుబుసం విడిచే ముందు పాము కళ్ళు ఎందుకు మసకబారుతాయి, మేత తిన్న పామును ఎందుకు ఎత్తకూడదు అనే ఎరుక వారికి ఉంది. క్రూరమైన పద్ధతి, లోతైన జ్ఞానం ఒకే చేతిలో ఉన్నాయి. తరువాత వచ్చిన చట్టం పద్ధతిని ఆపింది. జ్ఞానాన్ని ఏం చేయాలన్న ప్రశ్న మిగిలిపోయింది.

4. చట్టం గీసిన గీత

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం భారతదేశంలో పాముకు మనిషికి మధ్య సంబంధాన్ని కొత్తగా నిర్వచించింది. వన్యప్రాణిని పట్టడం, బంధించడం కూడా వేట కిందికే వచ్చాయి. భారతీయ కొండచిలువ ఈ చట్టం మొదటి షెడ్యూలులో, పులి ఏనుగులతో సమానమైన రక్షణ పొందుతోంది. దానిని పట్టి ఇంట్లో ఉంచుకొన్నవారికి 3 నుంచి 7 సంవత్సరాల జైలుశిక్ష, జరిమానా ఉంటాయి. 2022 సవరణతో కనీస జరిమానా 25,000 రూపాయలకు పెరిగింది. అందువల్ల స్వదేశీ కొండచిలువ విషయంలో 'బాధ్యతగా ఇంట్లో పెంచుకోవడం ఎలా' అన్న ప్రశ్నకే తావు లేదు. ప్రేమతో పెంచినా, గాయపడినదానిని జాలితో తెచ్చుకొన్నా, అటవీశాఖకు అప్పగించకుండా ఉంచుకోవడం నేరమే.

ఈ చట్టం తరువాత పాములవృత్తివారికి రెండు దారులు మిగిలాయి: రహస్యంగా కొనసాగడం, లేదా వదులుకోవడం. తమిళనాడులో మూడవ దారి ఒకటి ఏర్పడింది. పాముచర్మాల వ్యాపారంపై ఆధారపడిన ఇరుల తెగవారు, చర్మాల ఎగుమతి నిషేధం తరువాత, 1978లో సహకారసంఘంగా ఏర్పడ్డారు. రొములస్ విటేకర్ ఇందుకు తోడ్పడ్డాడు. ప్రభుత్వ అనుమతితో విషసర్పాలను పట్టి, కొన్ని వారాలు మట్టికుండలలో ఉంచి, విషం తీసి, గుర్తుపెట్టి తిరిగి అడవిలో వదిలిపెట్టడం ఆ సంఘం పద్ధతి. దేశంలో ప్రతివిష తయారీకి కావలసిన విషంలో అధికభాగం చాలాకాలంగా అక్కడినుంచే వస్తోంది. పెంపకానికి నిర్ణీత ప్రయోజనం, నిర్ణీత గడువు, విడుదల అనే మూడు షరతులు ఉన్న నమూనా ఇది. ఆ స్థాయి సంస్థాగతరూపం తెలుగుప్రాంతపు పాములవృత్తికి లభించలేదు.

తెలుగునగరంలో పాము బాధ్యత క్రమంగా జంతుప్రదర్శనశాలకు, స్వచ్ఛందసేవకులకు బదిలీ అయింది. హైదరాబాదులో నెహ్రూ జంతుప్రదర్శనశాల 1963లో ప్రజలకు తెరుచుకొంది. 1995లో అదే నగరంలో ఏర్పడిన 'ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ' ఇళ్ళలోకి వచ్చిన పాములను పట్టి అటవీశాఖ సహకారంతో అడవిలో విడిచే పనిని చేపట్టింది. నాగులపంచమినాడు బుట్టలలోని పాములను విడిపించే పనిలో కూడా ఈ సంస్థ పాల్గొంటోంది. పామును పట్టే చేయి మారింది. పట్టుకొన్నది ఉంచుకోవడానికి కాదు, వదలడానికి అన్న సూత్రం స్థిరపడింది.

5. ఆయకట్టులో కొండచిలువ: సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ

చట్టం కొండచిలువను ఉన్నచోటనే ఉంచమంటుంది. ఆ ఉన్నచోటు గత అర్ధశతాబ్దిలో పూర్తిగా మారింది. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది. 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు విడుదలైంది. ఎడమకాలువ నీటితో మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాల మెట్టభూములు వరిమళ్ళయ్యాయి. మిర్యాలగూడ రైసుమిల్లుల పట్టణంగా పేరుపొందింది. సూర్యాపేటకు మూసీ ప్రాజెక్టు, ఆ తరువాత శ్రీరాంసాగర్ రెండవదశ నీళ్ళు తోడయ్యాయి. హైదరాబాద్–విజయవాడ రహదారి సూర్యాపేట, కోదాడలను కలుపుతూ విస్తరించింది.

వరి ఉన్నచోట ఎలుక ఉంటుంది, ఎలుక ఉన్నచోట పాము ఉంటుంది. ఏదుపందుల పాత బొరియలు, బండరాళ్ళ సందులు, నీటి ఒడ్డు పొదలు కొండచిలువకు ఇష్టమైన తావులు. గుట్టలు తగ్గి, కాలువగట్లు, తూములు, తుమ్మపొదలు పెరిగిన నేలలో అది ఆ గట్లనే ఆశ్రయిస్తుంది. చేపలవలలో చిక్కుకోవడం, కోతయంత్రం కింద పడడం, రాత్రివేళ రహదారి దాటుతూ వాహనాల కింద నలగడం ఈ మార్పు తెచ్చిన ప్రమాదాలు. జిల్లాపత్రికల పేజీలలో 'భారీ కొండచిలువ కలకలం' అనే శీర్షిక స్థిరమైన వార్తారూపం. కలకలం పుట్టించినది పామేనని ఆ శీర్షిక సూచిస్తుంది. దాని తావును ఆక్రమించిన మార్పు వార్తలో కనిపించదు.

ఇక్కడే 'పొడ' ప్రశ్న తిరిగి వస్తుంది. కొండచిలువ ఎండాకాలం మొదట్లో గుడ్లు పెడుతుంది. తల్లి వాటిచుట్టూ చుట్టుకొని దాదాపు రెండు నెలలు కదలకుండా కాపలా ఉంటుంది. చలివేస్తే కండరాలను అదిరించి వేడి పుట్టిస్తుంది. ఈ వేడిని 1841లో పారిస్ జంతుశాలలో బంధించి ఉంచిన ఒక కొండచిలువపై వలాన్సియెన్ కొలిచి చూపేవరకు యూరపు శాస్త్రలోకం దీనిని నమ్మలేదు. బాధ్యతతో కూడిన బంధనం జ్ఞానాన్ని ఇవ్వగలదనడానికి ఇది సాక్ష్యం. తొలకరినాటికి పిల్లలు బయటికి వస్తాయి. అప్పుడు వాటి పొడవు రెండడుగుల లోపే. వానాకాలం నారుమళ్ళ పనులు కూడా అప్పుడే మొదలవుతాయి. మచ్చలున్న ఆ చిన్నపామును రక్తపింజర అనుకొని చంపడం జరుగుతుంది. అంతకంటే భయంకరమైన పొరపాటు దీనికి విపర్యయం: రక్తపింజరను కొండచిలువపిల్ల అనుకొని చేత్తో పట్టుకోవడం.

2000–2019 మధ్య భారతదేశంలో పాముకాటు మరణాలు సుమారు 12 లక్షలని, ఏడాదికి సగటున 58,000 అని 2020లో వెలువడిన జాతీయ అధ్యయనం అంచనా వేసింది. మరణాలు కేంద్రీకృతమైన ఎనిమిది రాష్ట్రాలలో తెలంగాణతో కూడిన ఆంధ్రప్రదేశ్ ఒకటి. కాటుకు గురయ్యేది ప్రధానంగా పొలంలో పనిచేసేవారే. ఈ నేపథ్యంలో రైతుకూలీ ప్రతి పామునూ చంపదగిన శత్రువుగా చూడడాన్ని అజ్ఞానంగా కొట్టివేయడం న్యాయం కాదు. అతనికి కావలసినది గుర్తించే విద్య. కొండచిలువ తలపై బల్లెం మొనవంటి గుర్తు, నునుపైన మెరిసే పొలుసులు, క్రమం లేని పెద్ద మచ్చలు ఉంటాయి. రక్తపింజర పొలుసులు గరుకు. వీపుపై నల్లని అంచుతో కోడిగుడ్డు ఆకారపు మచ్చలు గొలుసులా మూడు వరుసలు ఉంటాయి. బెదిరితే పెద్దగా బుసకొడుతుంది. 'కాటుకరేకులు' అన్న పాతపేరు ఈ పాఠాన్ని ఒక్కమాటలో చెప్పింది. ఎంత బాగా గుర్తుపట్టినా చేయి పెట్టకూడదు, దూరంగా నిలిచి అటవీసిబ్బందిని పిలవాలి అన్నది దానికి చేర్చవలసిన ఆధునిక నియమం.

6. విదేశీ మహాసర్పాలు: ఫ్లోరిడా పాఠం

స్వదేశీ పాముపై నిషేధం బలపడిన దశాబ్దాలలోనే విదేశీ సర్పాల వ్యాపారం ప్రపంచమంతటా విస్తరించింది. దాని పరిణామాలకు పెద్ద ఉదాహరణ అమెరికాలోని ఫ్లోరిడా. ఆగ్నేయాసియానుంచి పెంపుడుజంతువులుగా దిగుమతి అయిన బర్మా కొండచిలువలు, పెరిగి భారమైనప్పుడు యజమానులు వదిలేయడంవల్లా, పెంపకకేంద్రాలనుంచి తప్పించుకోవడంవల్లా ఎవర్‌గ్లేడ్స్ చిత్తడినేలలకు చేరాయి. 1992 నాటి ఆండ్రూ తుపాను ఒక పెంపకకేంద్రాన్ని ధ్వంసం చేసింది. 2000 నాటికి అవి అక్కడ సంతానోత్పత్తి చేస్తున్నట్లు నిర్ధారణ అయింది. 2012లో వెలువడిన అధ్యయనం ప్రకారం ఆ ఉద్యానవనంలో రకూన్ అనే క్షీరదం కనిపించడం 99 శాతానికి పైగా తగ్గింది. అదే సంవత్సరం అమెరికా ప్రభుత్వం బర్మా కొండచిలువతో సహా నాలుగు జాతుల దిగుమతిని నిషేధించింది.

2017లో ఫ్లోరిడా అధికారులు, అక్కడి విశ్వవిద్యాలయం తమిళనాడునుంచి ఇద్దరు ఇరుల నిపుణులను రప్పించారు. మాసి సడయన్, వడివేల్ గోపాల్ అనే ఆ ఇద్దరు మొదటి కొద్ది రోజులలోనే 13 కొండచిలువలను పట్టారు. 2023లో భారతప్రభుత్వం వారికి పద్మశ్రీ ప్రకటించింది. సంపన్నుల వేడుకగా మొదలైన పెంపకం విఫలమైనచోట, అడుగుజాడలు చదివే వృత్తిజ్ఞానం అవసరమైంది. వలసకాలపు గ్రంథాలు చిన్నచూపు చూసిన జ్ఞానజాతికి చెందిన విద్య ఇది. తెలుగు పాములవృత్తివారి విద్యను నమోదు చేయకుండా పోగొట్టుకోవడం ఎంత నష్టమో ఈ ఘట్టం తెలుపుతుంది.

ఇంటిలోపలి ప్రమాదానికి కూడా ఆధారాలున్నాయి. 2009 జులైలో ఫ్లోరిడాలో అనుమతి లేకుండా పెంచుతున్న బర్మా కొండచిలువ పెట్టెనుంచి తప్పించుకొని అదే ఇంట్లోని రెండేళ్ళ పసిపాపను చంపింది. దాని పొడవు 3 మీటర్ల లోపే, సరైన మేత లేక బక్కచిక్కి ఉంది. 2013లో కెనడాలోని న్యూబ్రన్స్‌విక్‌లో ఆఫ్రికా కొండచిలువ గాలిగొట్టం గుండా పై అంతస్తుకు చేరి నిద్రిస్తున్న ఇద్దరు బాలురను చంపింది. రెండు సందర్భాలలోనూ మూలకారణం పెంపకందారు ఏర్పాట్లలోని లోపం.

భారతదేశంలో ఈ విదేశీ ప్రాణులపై పర్యవేక్షణ ఆలస్యంగా మొదలైంది. 2020 జూన్‌లో కేంద్ర పర్యావరణశాఖ స్వచ్ఛంద ప్రకటన పథకం తెచ్చింది. తొలి గడువులో ప్రకటించినవారినుంచి పత్రాలు అడగలేదు. 2022 సవరణ చట్టం 2023 ఏప్రిల్ 1నుంచి అమలులోకి వచ్చి, అంతర్జాతీయ ఒప్పందపు జాబితాలోని విదేశీజాతులను నాలుగవ షెడ్యూలులో చేర్చింది. 2024 ఫిబ్రవరిలో ప్రకటించిన నియమాల ప్రకారం అటువంటి ప్రాణిని కలిగినవారు పరివేశ్ వేదికలో నమోదు చేసుకోవాలి. బదిలీ, జననం, మరణం తెలియజేయాలి. అయినా అక్రమరవాణా ఆగలేదు. 2024 ఏప్రిల్‌లో బ్యాంకాక్‌నుంచి బెంగళూరు చేరిన ఒక ప్రయాణికుని సామానులో 10 పసుపు అనకొండలు పట్టుబడ్డాయి.

7. బాధ్యతాయుత పెంపకం: ప్రమాణాలు

పై చరిత్రనుంచి, పాముల సంరక్షణలో స్థిరపడిన పద్ధతులనుంచి కొన్ని ప్రమాణాలను క్రోడీకరించవచ్చు. ఇవి జంతుశాలకు, పరిశోధనశాలకు, చట్టబద్ధంగా నమోదైన విదేశీసర్పం ఉన్న ఇంటికి వర్తిస్తాయి.

మొదటిది జాతినిర్ధారణ. అరచేతిలో పట్టే పిల్ల ఏ జాతిదో తెలియకుండా తీసుకొన్నవాడు దాని భవిష్యత్తును తెలియకుండా తీసుకొన్నట్టే. బంతి కొండచిలువ మీటరున్నర దగ్గర ఆగుతుంది. బర్మా కొండచిలువ 5 మీటర్లకు, జాలరి కొండచిలువ 6 మీటర్లకు పైగా పెరగగలవు. ఇవి 20 ఏళ్ళకు పైగా జీవిస్తాయి. పెంపకందారు ఉద్యోగం, ఇల్లు, ఊరు మారినా ఆ ప్రాణి అవసరాలు మారవు.

రెండవది ఆవరణ. పాము తలపట్టే సందు ఉంటే దేహమంతా పడుతుంది. తాళం, గట్టి పలక, గాలిమార్గాలకు జాలీ, ఆవరణ ఉన్న గదికి విడిగా తలుపు తప్పనిసరి. ఒకవైపు వెచ్చగా, మరొకవైపు చల్లగా ఉండి పాము తనకు కావలసిన తావును ఎంచుకొనే వీలుండాలి. మున్నీటి దేశాల పుస్తకాలు వేడిచేసే దీపాల గురించి ఎక్కువగా చెబుతాయి. వేసవిలో 44, 45 డిగ్రీలు తాకే సూర్యాపేట వంటి చోట అసలు సమస్య చల్లబరచడం. కరెంటు పోయిన మధ్యాహ్నం గాజుపెట్టె పాముకు ప్రాణాంతకం కాగలదు. దేహం మునిగే నీటితొట్టి, నీడ ఇక్కడ ప్రాణావసరాలు.

మూడవది మేత. ముందే చంపి, శీతలంలో ఉంచి, మళ్ళీ వెచ్చబరచిన ఎర ఇవ్వడం ఉత్తమం. ప్రాణమున్న ఎలుక కరిచి పామును గాయపరచగలదు. ఎర వాసన అంటిన చేతిని పాము ఎరగానే గ్రహిస్తుంది. మేత తరువాత కొన్నిరోజులు ఎత్తకూడదు. అజగరవ్రతిలా అది ఆకలికి ఓర్చుకొంటుంది కాబట్టి మేతరోజులను, తూకాన్ని, కుబుసం విడిచిన తేదీలను పుస్తకంలో రాసి ఉంచాలి.

నాలుగవది మనుషుల సంఖ్య. రెండున్నర, మూడు మీటర్లకు మించిన పామును ఒంటరిగా ఎత్తకూడదు. ఇద్దరు, పాము ఇంకా పెద్దదైతే ముగ్గురు ఉండాలి. మెడలో వేసుకోవడం, పిల్లల చేతికివ్వడం, ఫొటోకోసం బయటికి తీయడం పాత ప్రదర్శనకు కొత్తరూపాలు.

ఐదవది వారసత్వం. తాను పోషించలేని రోజు వస్తే పాము ఎవరి చేతికి వెళుతుందో ముందే లిఖితపూర్వకంగా ఉండాలి. చెరువులోనో కాలువలోనో వదిలేయడం విముక్తి కాదు. ఎడమకాలువ వంటి నీటిమార్గం ఒక ఊరిది కాదు. అందులో వదిలిన ప్రాణి, దాని రోగం మొత్తం ఆయకట్టుకు చేరుతుంది. బర్మా కొండచిలువ మన కొండచిలువకు దగ్గరి బంధువు కావడంవల్ల సంకరం జరిగే ముప్పు కూడా ఉంది.

8. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

1. 'కొండచిలువ', 'పెద్దపొడ', 'కాటుకరేకుల పొడ' వంటి పేర్లు స్థానికుల ప్రత్యక్షపరిశీలనకు ఆధారాలు. అంతర్జాతీయ సర్పశాస్త్ర నామావళిలో తెలుగుకు ఉన్న వాటాను పాఠ్యగ్రంథాలు గుర్తించవలసి ఉంది.

2. వృత్తి పెంపకాన్ని చట్టం ఆపడం పాముల సంక్షేమదృష్ట్యా సమంజసం. ఆ వృత్తివారి జ్ఞానాన్ని, జీవనాన్ని ప్రత్యామ్నాయం లేకుండా వదిలేయడం సమంజసం కాదు. ఇరుల సహకారసంఘం మరొక దారి సాధ్యమని చూపింది.

3. స్వదేశీ కొండచిలువ విషయంలో బాధ్యతాయుతమైన పెంపకం అంటే దానిని పట్టకుండా, దాని తావులోనే బతకనివ్వడం. ఆ తావు నేడు కాలువగట్టు, వరిమడి కాబట్టి ఈ బాధ్యత రైతుకు, నీటిపారుదలశాఖకు, రహదారి నిర్మాతలకు కూడా చెందుతుంది.

4. విదేశీసర్పం విషయంలో నమోదుపత్రం బాధ్యతకు ఆరంభం మాత్రమే. 20 ఏళ్ళ సంరక్షణ, సురక్షితమైన ఆవరణ, వదిలిపెట్టకూడదన్న నియమం కలిస్తేనే అది పెంపకం.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల కళాశాలల్లో తెలుగు, జంతుశాస్త్ర విభాగాలు కలిసి చేయదగిన పని ఒకటి మిగిలి ఉంది. సంచారవృత్తి కుటుంబాల వృద్ధులనుంచి, నాటుకూలీలనుంచి, కాలువల లస్కర్లనుంచి పాముల పేర్లను, గుర్తింపు లక్షణాలను సేకరించి శాస్త్రీయనామాలతో సరిపోల్చాలి. రస్సెల్‌కు పేర్లు చెప్పినవారు అనామకులుగా మిగిలారు. ఈసారి సేకరించే పదకోశంలో, వారు అంగీకరిస్తే, చెప్పినవారి పేర్లు కూడా చేరాలి.